లెక్క అడగడం ఎవరి పని?

కాగ్ పేరు పత్రికల మొదటి పేజీకి ఎక్కినప్పుడల్లా దాని పక్కన వేల కోట్లో లక్షల కోట్లో ఒక అంకె ఉంటుంది. ప్రతిపక్షం ఆ అంకెను చేతపట్టుకుని రాజీనామా కోరుతుంది. అధికారపక్షం అవన్నీ కాకిలెక్కలని కొట్టిపారేస్తుంది. నాలుగు రోజులు టీవీల్లో చర్చ నడుస్తుంది, ఐదో రోజుకు మరో గొడవ మొదలవుతుంది. ఈ హడావుడిలో అసలు పని మనకు కనిపించకుండా పోతుంది. దేశమంతటా నలభై వేలకు అటూఇటూగా ఉద్యోగులతో, ఢిల్లీ నుంచి హైదరాబాద్, విజయవాడల దాకా కార్యాలయాలతో, ఏడాది పొడవునా సర్కారు వోచర్లు తిరగేసే ఒక పెద్ద శాఖ ఉంది. అదే భారత ఆడిట్, అకౌంట్స్ శాఖ. దాని అధిపతి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, మన వాడుకలో కాగ్. ఈ శాఖ బలం పెద్ద అంకెలు బయటపెట్టడంలో లేదని, ప్రభుత్వం చేత ప్రతి ఖర్చుకూ రాతపూర్వకంగా కారణం చెప్పించడంలో ఉందని నా నమ్మకం. చెప్పిన కారణం చాలుతుందో లేదో తేల్చే అధికారాన్ని మాత్రం రాజ్యాంగం ఆడిటర్‌కు ఇవ్వలేదు, చట్టసభకు ఇచ్చింది. ఆడిట్ వ్యవస్థ నీరుగారిపోతోందని బాధపడేవాళ్లు ఎక్కువగా కాగ్ వైపే చూస్తున్నారు. చూడాల్సింది సభ వైపు.

ముందుగా డబ్బు నడిచే దారి తెలియాలి. పన్నులైనా, కేంద్రం ఇచ్చే వాటా అయినా, అప్పుగా తెచ్చిన సొమ్మయినా సంచిత నిధిలో పడుతుంది. అందులోంచి రూపాయి తీయాలన్నా చట్టం కావాలని రాజ్యాంగంలోని 266వ అధికరణం చెబుతుంది. బడ్జెట్ సమావేశాల ముగింపులో ద్రవ్య వినిమయ బిల్లుకు ఆమోదం లభించిందని వార్త వస్తుంది కదా, ఆ చట్టం అదే. ఏ శాఖ ఏ పని మీద ఎంత ఖర్చు పెట్టవచ్చో అందులో ఉంటుంది. ప్రతి పద్దుకూ ఒక నంబరు ఉంది. సాధారణ విద్యకు 2202, వైద్యం, ప్రజారోగ్యానికి 2210, భారీ సాగునీటి ప్రాజెక్టుల మీద పెట్టే పెట్టుబడికి 4700. మొదటి అంకె చూడగానే అది రెవెన్యూ ఖర్చో, పెట్టుబడో, అప్పో లెక్క తెలిసినవాళ్లు చెప్పేస్తారు. శ్రీకాకుళంలో ఒక బడికి బెంచీలు కొన్నా, ఆదిలాబాద్‌లో ఒక కల్వర్టు కట్టినా బిల్లు ట్రెజరీకో పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకో వెళ్తుంది. అక్కడ పాసై చెల్లింపు జరిగాక ఆ లెక్క తన నంబరు కింద చేరి, నెల తిరిగేసరికి అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి అందాలి. సభ ఇచ్చిన అనుమతి ఒక చివర, వోచరు ఇంకో చివర. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఆడిట్ మొదటి పని.

మన ఇళ్లలో ఏజీ ఆఫీసు అంటే రిటైరైన సర్కారు ఉద్యోగికి పెన్షన్ ఉత్తర్వు, జీపీఎఫ్ లెక్క వచ్చే చోటు. నిజానికి ఆ పేరు వెనుక రెండు వేర్వేరు వ్యవస్థలున్నాయి. ఒకటి లెక్క రాస్తుంది, పెన్షన్లు, జీపీఎఫ్ చూస్తుంది. రెండోది తనిఖీ చేస్తుంది. ఒకప్పుడు రెండూ కలిసే ఉండేవి. కేంద్ర ప్రభుత్వం 1976లో తన లెక్కలు రాసుకునే పనిని కాగ్ నుంచి తీసుకుని, దానికి కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్‌ను పెట్టుకుంది. రాష్ట్రాల లెక్కలు మాత్రం కాగ్ చేతిలోనే ఉండిపోయాయి. 1984లో ఏజీ కార్యాలయాలను అకౌంట్లకు ఒకటి, ఆడిట్‌కు ఒకటిగా విడదీశారు. లెక్క రాసేదీ, తనిఖీ చేసేదీ ఒకే అధిపతి కింద ఉండటం సబబా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఈ ఏర్పాటు వల్ల రాష్ట్రాల పౌరులకు ఒక పెద్ద మేలు జరుగుతోంది. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా, రాష్ట్రం ఈ నెల ఎంత అప్పు తెచ్చింది, వడ్డీలకు ఎంత కట్టింది, జీతాలకు ఎంత పోయింది అన్న లెక్క ఆ ప్రభుత్వం చేతిలో లేని ఒక కార్యాలయం నుంచి నెలనెలా బయటికి వస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అప్పుల మీద మన పత్రికలు రాసే కథనాల్లో చాలావాటికి మూలం ఈ నెలవారీ పట్టికలే. 800 నంబరు మైనర్ హెడ్ కింద, అంటే 'ఇతర ఖర్చులు', 'ఇతర రాబడులు' అన్న గంపగుత్త పద్దులో వేల కోట్లు వేసేస్తే లెక్క గుడ్డిదవుతుందని కాగ్ ఏటా రాస్తూనే ఉంటుంది. కార్పొరేషన్ల పేరుతో అప్పు తెచ్చి, దాన్ని బడ్జెట్‌లో చూపకుండా, తిరిగి బడ్జెట్ నుంచే తీర్చే పద్ధతిని కూడా ఈ నివేదికలే పదేపదే ఎత్తిచూపాయి. అలాంటి అప్పుల్ని రాష్ట్రాల రుణ పరిమితిలో కలిపి లెక్కించాలని 2022లో కేంద్రం నిర్ణయించింది. తెలంగాణలో కాళేశ్వరం కార్పొరేషన్ రుణాలు అప్పుడే అంత పెద్ద చర్చ అయ్యాయి.

ఈ శాఖ వయసు ఈ రిపబ్లిక్‌ కంటే చాలా ఎక్కువ. 1860 నవంబరులో ఎడ్వర్డ్ డ్రమండ్ తొలి ఆడిటర్ జనరల్‌గా బాధ్యత తీసుకున్నాడు. నవంబరు 16ను ఆడిట్ దివస్‌గా జరపడం 2021లో మొదలైంది. వలస పాలనలో ఈ అధికారి ప్రజలకు జవాబుదారీ కాదు, దూరాన ఉన్న దొరలకు లెక్క చెప్పేవాడు. 1919, 1935 భారత ప్రభుత్వ చట్టాలు అతనికి కొంత స్వతంత్రత ఇచ్చాయి. రాజ్యాంగ సభ మాత్రం ఆ కుర్చీని పూర్తిగా వేరే చోట నిలబెట్టింది. ఆడిటర్ జనరల్ బాధ్యతలు న్యాయవ్యవస్థ బాధ్యతలకన్నా కూడా ముఖ్యమైనవన్న అభిప్రాయాన్ని అంబేడ్కర్ 1949 మేలో సభలో వెల్లడించారు. అందుకే 148వ అధికరణం ప్రకారం కాగ్‌ను తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతే పాటించాలి. ఆయన జీతానికి ఏటా ఓటింగు అక్కర్లేదు. పదవి దిగాక కేంద్రంలో గానీ రాష్ట్రాల్లో గానీ మరో ప్రభుత్వ ఉద్యోగం చేయకూడదు. కాగ్ విధులు, అధికారాలను నిర్దేశించే 1971 చట్టం పదవీకాలాన్ని ఆరేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది అని ఖాయం చేసింది. ఆయన కింద పనిచేసే ఇండియన్ ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీస్ (ఐఏఏఎస్) అధికారులు సివిల్ సర్వీసుల పరీక్ష ద్వారానే వచ్చి సిమ్లాలోని అకాడమీలో శిక్షణ పొందుతారు. ఊరూరా తిరిగి రికార్డులు చూసే ఆడిటర్లు, అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్లు ఎక్కువగా స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాసి వచ్చినవాళ్లు. పేపర్లో పడే అంకె మొదట పుట్టేది వాళ్ల నోటు పుస్తకంలో.

ఆడిట్ ఎలా జరుగుతుందో తెలిస్తే తప్ప దాని స్వభావం అర్థం కాదు. దేశంలోని ప్రతి బిల్లునూ ఎవరూ చూడలేరు. ఎక్కడ డబ్బు ఎక్కువ కదులుతోంది, ఎక్కడ తప్పు జరిగే వీలు ఎక్కువ అన్నది బేరీజు వేసి కార్యాలయాలను ఎంచుకుంటారు. బృందం వెళ్లి క్యాష్ బుక్, టెండరు ఫైళ్లు, కొలతల పుస్తకాలు, స్టాకు రిజిస్టర్లు అడుగుతుంది. అనుమానం వచ్చిన చోట ఒక మెమో ఇస్తుంది. దీన్ని ఆఫీసుల్లో హాఫ్ మార్జిన్ అంటారు. కాగితాన్ని నిలువునా రెండు సగాలు చేసి, ఒక సగంలో ప్రశ్న రాసి, రెండో సగాన్ని జవాబు కోసం ఖాళీగా వదిలే పాత అలవాటు అది. 'ఈ పనికి తక్కువ ధర కోట్ చేసిన వారిని ఏ కారణంతో కాదన్నారు?', 'ఈ అడ్వాన్సు సర్దుబాటు ఎందుకు కాలేదు?', 'గ్రాంటు ఖర్చయినట్టు ధ్రువపత్రం (యూసీ) ఇచ్చారు, డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉందేమిటి?' ఇలాంటివే ఆ ప్రశ్నలు. జవాబు సరిపోతే విషయం అక్కడితో ముగుస్తుంది. సరిపోకపోతే తనిఖీ నివేదికలో పేరా అవుతుంది. పెద్దదైతే ముసాయిదా పేరాగా ప్రభుత్వ కార్యదర్శికి వెళ్తుంది, మళ్లీ జవాబుకు గడువిస్తారు, ఎదురెదురుగా కూర్చుని చర్చిస్తారు. ఇన్ని మెట్లెక్కాకే అది కాగ్ సంతకంతో రాష్ట్రపతికో గవర్నర్‌కో చేరే నివేదికలో చోటు సంపాదిస్తుంది. ఆ నివేదికలో ఆడిట్ చెప్పిన మాట ఒక్కటే ఉండదు, ప్రభుత్వం ఏమని బదులిచ్చిందో, ఆ బదులు ఎందుకు చాలలేదో కూడా ఉంటుంది. చాలాచోట్ల 'ప్రభుత్వం జవాబు ఇవ్వలేదు' అన్న ఒక్క వాక్యం ఉంటుంది. నా దృష్టిలో ఆ నివేదికలన్నిటిలోనూ అన్నిటికన్నా బరువైన వాక్యం అదే.

కాగితం మీద ప్రశ్న వేయడం వల్ల ఏమవుతుందని తేలిగ్గా తీసేయవద్దు. బిహార్ దాణా కుంభకోణాన్ని చూడండి. 1996 జనవరిలో చైబాసాలో జిల్లా అధికారి పశుసంవర్ధక శాఖ కార్యాలయాలపై దాడి చేయడంతో అది దేశానికి తెలిసింది. మొత్తం మీద 950 కోట్ల రూపాయల దాకా కైంకర్యమైన వ్యవహారం. కానీ ట్రెజరీల నుంచి నెలవారీ లెక్కలు ఆలస్యంగా వస్తున్నాయనే హెచ్చరిక దానికి పదేళ్ల ముందే కాగ్ వైపు నుంచి వెళ్లింది. లెక్క ఆలస్యమవడం గుమస్తా బద్ధకంలా కనిపిస్తుంది గానీ, తరచూ అది దొంగలెక్కకు తొలి సూచన. సభ మంజూరు చేసిన మొత్తానికి ఎన్నో రెట్లు ఒక చిన్న శాఖ డ్రా చేస్తుంటే అది పద్దుల పట్టికలో కనిపించి తీరాలి. పశువులను, దాణాను తరలించినట్టు చూపిన వాహనాల నంబర్లను రవాణా శాఖ రిజిస్టర్లతో సరిచూస్తే వాటిలో కొన్ని స్కూటర్లవని తేలింది. ఒక శాఖ వోచరును మరో శాఖ రిజిస్టరుతో పోల్చడం తప్ప ఇందులో గొప్ప గూఢచర్యం ఏమీ లేదు. తొలి హెచ్చరికకు సకాలంలో జవాబు రాబట్టి ఉంటే ఎన్ని కోట్లు మిగిలేవో ఊహించుకోవచ్చు. ప్రశ్న వెళ్లింది. గట్టిగా నిలదీయాల్సినవాళ్లు నిలదీయలేదు.

లెక్క సరిపోయిందా, నిబంధన పాటించారా అన్నదానితో ఆడిట్ ఆగదు. పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలం వచ్చిందా అని కూడా అడుగుతుంది. దాన్నే పనితీరు ఆడిట్ అంటున్నారు. తెలంగాణలోని కాళేశ్వరం ఎత్తిపోతల పథకం మీద వచ్చిన నివేదిక అలాంటిదే. ప్రాజెక్టు ప్రతిపాదనలో రూపాయి పెడితే 1.51 రూపాయల ప్రయోజనం వస్తుందని చూపారు. లాభాలను ఎక్కువగా, ఏటేటా అయ్యే ఖర్చులను తక్కువగా చూపారని తేల్చి, సరిగా లెక్కిస్తే ఆ నిష్పత్తి 0.75 మాత్రమేనని, పెరిగిన వ్యయంతో చూస్తే 0.52కు పడిపోతుందని కాగ్ రాసింది. 81,911 కోట్లన్న అంచనా 1.47 లక్షల కోట్లు దాటుతుందని కూడా చెప్పింది. ఇక్కడ ఎవరో డబ్బు తిన్నారన్నది ఆడిట్ చెప్పిన విషయం కాదు. అంత పెద్ద నిర్ణయానికి ఆధారంగా చూపిన లెక్కే నిలవదన్నది దాని మాట. అవినీతి వార్తలకు అలవాటుపడిన మనకు ఇది చప్పగా అనిపించవచ్చు. రైతు పొలానికి నీరెత్తడానికి ఏటా ఎంత కరెంటు కాలుతుంది, ఆ బిల్లు ఎవరు కడతారు అన్న ప్రశ్న మాత్రం రానున్న దశాబ్దాలపాటు ఆ రాష్ట్ర బడ్జెట్‌ను వదలదు.

సరిగ్గా ఇక్కడే అందరూ వేసే మొదటి ఆక్షేపణ ముందుకొస్తుంది. కాళేశ్వరంలో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబరులో. ఆ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో, అదీ ప్రభుత్వం మారాక. ప్రాణం పోయాక శవపరీక్ష చేసి ఏం లాభమన్నది విమర్శ. మన కాగ్‌కు ఖజానా తాళం లేదన్నది నిజమే. బ్రిటన్‌లో ఆ హోదా అధికారి సమ్మతి లేకుండా ఖజానా నుంచి సొమ్ము కదలదు. మన దగ్గర చెల్లింపు అయ్యాకే ఆడిట్ వస్తుంది. మరి ముందే ఆపే అధికారం ఇస్తే బాగుంటుందా? నేనైతే వద్దంటాను. ప్రతి ఫైలు మీదా ముందే ఆడిటర్ సంతకం ఉంటే, రేపు ఆ ఖర్చు తప్పని తేలినప్పుడు తనిఖీ చేయడానికి బయటివాళ్లెవరూ మిగలరు. ఆలస్యాన్ని మాత్రం సమర్థించలేం. అయితే ఆ ఆలస్యంలో ఎవరి వాటా ఎంతో విడదీసి చూడాలి. రికార్డు అడిగితే నెలల తరబడి ఇవ్వకపోవడం, ముసాయిదాకు బదులివ్వకపోవడం ప్రభుత్వ శాఖల పని. 1971 చట్టంలోని 18వ సెక్షన్ ఏ రికార్డునైనా అడిగే హక్కు ఆడిటర్‌కు ఇచ్చింది గానీ, ఇవ్వనివాళ్లకు జరిమానా పెట్టలేదు. సమాచార హక్కు చట్టం కింద ఒక మామూలు మనిషి పెట్టిన అర్జీకి 30 రోజుల గడువుంది, ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా ఉంది. రాజ్యాంగ పదవిలో ఉన్న ఆడిటర్ జనరల్ పంపిన బృందానికి ఆ పాటి రక్షణ కూడా లేదు. వినోద్ రాయ్ కాగ్‌గా ఉన్న రోజుల్లో రికార్డులకు గడువు పెట్టాలని, నివేదికలు సభకు సమర్పించడానికి కూడా గడువు పెట్టాలని ప్రభుత్వానికి ప్రతిపాదనలు వెళ్లాయి. చట్టం మారలేదు.

రెండో ఆక్షేపణ ఇంకా పాతది, ఇంకా గట్టిది. నెహ్రూ ప్రభుత్వం కోరిక మీద మన పాలనా వ్యవస్థను అధ్యయనం చేసిన అమెరికా నిపుణుడు పాల్ ఆపిల్‌బీ 1950ల్లోనే ఆడిట్ మీద విరుచుకుపడ్డాడు. ఆడిటర్లకు తెలిసింది ఆడిటే తప్ప పాలన కాదని, వాళ్ల భయంతో అధికారులు నిర్ణయాలు తీసుకోవడం మానేస్తున్నారని ఆయన వాదన సారాంశం. ఇవాళ సచివాలయాల్లో వినిపించే మాట కూడా ఇదే. సంతకం పెడితే రేపు ఆడిట్ పేరా, ఎల్లుండి విజిలెన్స్, రిటైరయ్యాక కేసు. ఇందులో నిజం లేదనను. వరద వచ్చిన రాత్రి టెండరు లేకుండా ఇసుక బస్తాలు కొన్న ఇంజినీరును, తీరిగ్గా టెండరు ఎగ్గొట్టిన ఇంజినీరును ఒకే గాటన కట్టే ఆడిటర్లు లేకపోలేదు. కానీ ఆ భయానికి మందు ఆడిట్‌ను తగ్గించడం కాదు. అత్యవసరమని ఆ రాత్రే ఫైలులో నాలుగు వాక్యాలు రాసుకున్న ఇంజినీరు పేరాను తట్టుకుని నిలబడతాడు. కారణం రాయనివాడే ఇబ్బంది పడతాడు. అసలు నష్టం ఎక్కడంటే, ఆడిట్ ప్రశ్నను నేరారోపణగా చూసే మన అలవాటులో. ప్రశ్న వచ్చిందంటేనే తప్పు జరిగినట్టు వార్త రాస్తాం, కేసు పెట్టమంటాం. దాంతో అధికారి బదులు చెప్పడం మానేసి, తప్పించుకోవడం నేర్చుకుంటాడు.

2జీ స్పెక్ట్రం కేటాయింపుల వ్యవహారం ఈ అలవాటు ఎంత చెరుపు చేసిందో చూపిస్తుంది. 2010 నవంబరులో వచ్చిన ఆ నివేదికలో నష్టం అంచనా ఒక్కటి కాదు, పలు పద్ధతుల్లో వేసిన అంచనాలున్నాయి. అవి దాదాపు 57 వేల కోట్ల నుంచి 1.76 లక్షల కోట్ల దాకా ఉన్నాయి. జనానికి మిగిలింది ఆ చివరి అంకె ఒక్కటే. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసినప్పుడు, కాగ్ చెప్పినదంతా కట్టుకథ అన్నవాళ్లు చాలామంది. ఈ వాదన రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేస్తుంది. ఫలానా మనిషి లంచం తీసుకున్నాడని సాక్ష్యాలతో రుజువైందా అన్నది క్రిమినల్ కోర్టు తేల్చాల్సింది. ప్రజల ఆస్తిని ధర కట్టకుండా, గడువు తేదీలు మార్చి, కొందరికి పంచడం సరైన పద్ధతేనా అన్నది ఆడిట్ అడిగేది. రెండో ప్రశ్నకు సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలోనే జవాబు చెప్పింది, 122 లైసెన్సులు రద్దు చేసింది. అదే సమయంలో కాగ్‌ను తప్పుపట్టాల్సిన చోటు కూడా ఉంది. వేలం జరిగి ఉంటే వచ్చి ఉండేదన్న ఊహాసొమ్మును అంత పెద్దగా చూపడం వల్ల నివేదికలోని గట్టి ఆధారాలు ఆ అంకె నీడలో పడిపోయాయి. బొగ్గు గనుల కేటాయింపుల విషయంలోనూ, 2012 మార్చిలో బయటికి పొక్కిన ముసాయిదాలో 10.7 లక్షల కోట్లుగా ఉన్నది ఆగస్టు నివేదికలో ప్రైవేటు సంస్థలకే పరిమితమై 1.86 లక్షల కోట్లకు దిగింది. ముసాయిదా మీద సంప్రదింపులు జరిగాక లెక్క మారడం ఆ పద్ధతి పనిచేస్తోందనడానికి రుజువు. జవాబు రాకముందే ముసాయిదాను వార్త చేయడమే అన్యాయం. ఆ తర్వాత 2014లో సుప్రీంకోర్టు 204 గనుల కేటాయింపులను కొట్టేసింది. అంతకుముందే, 2012లో, కాగ్ ప్రభుత్వ ఖాతాలు రాసే మునీమ్ కాదని కూడా ఆ కోర్టు గుర్తుచేసింది.

ఇక సభ దగ్గరికి వద్దాం. సభ మేలుకుంటే ఆడిట్ నివేదిక ఏం చేయగలదో తెలుసుకోవడానికి 1989 చాలు. బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలుపై కాగ్ నివేదిక పార్లమెంటుకు వచ్చిన ఆ ఏడాది, ప్రతిపక్ష సభ్యులు మూకుమ్మడిగా లోక్‌సభకు రాజీనామా చేశారు. అప్పటి లోక్‌సభలో ప్రతిపక్షాల్లోకెల్లా పెద్దది తెలుగుదేశం. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో ప్రభుత్వం పడిపోయింది. అంత సంచలనం రోజూ అక్కర్లేదు. రోజూ కావాల్సింది ప్రజా పద్దుల కమిటీ. 1921 నుంచి ఉన్న ఈ కమిటీయే ఆడిట్ పేరాలను ఎంచుకుని, శాఖ కార్యదర్శిని ఎదుట కూర్చోబెట్టి అడగాలి. అడిగేవాడు అధికారపక్షం మనిషి కాకూడదని 1967 నుంచి పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యుడికే అధ్యక్ష స్థానం ఇస్తున్నారు. 2024లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కుర్చీ ఎవరికి దక్కాలన్నదే వివాదమైంది. ఆంధ్రప్రదేశ్‌లో అది కూటమి భాగస్వామ్య పక్షానికి వెళ్లింది. తెలంగాణలో ప్రతిపక్షం గుర్తు మీద గెలిచి అధికారపక్షం వైపు నడిచారని విమర్శకు గురైన సభ్యుడికి దక్కింది. సభా నియమాల ప్రకారం రెండింటికీ సమర్థన చూపించవచ్చు. అలా చూపించినంత మాత్రాన అడగాల్సిన కుర్చీలో అడగగలిగిన మనిషి కూర్చున్నట్టు కాదు.

సభకు నివేదిక చేరడమే ఒక గండం. గవర్నర్ దాన్ని శాసనసభ ముందు పెట్టించాలని 151వ అధికరణం చెబుతుంది, ఎన్ని రోజుల్లోనో చెప్పదు. ఆ ఖాళీలో ఏ ప్రభుత్వమైనా దూరిపోతుంది. ఢిల్లీలో అలా నిలిచిపోయిన 14 నివేదికలు 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం మారాక గానీ సభ ముఖం చూడలేదు. మన రాష్ట్రాల్లో సమావేశాల ఆఖరి రోజున, చర్చకు సమయం లేని వేళ బల్ల మీద పెట్టడం ఆనవాయితీలా మారింది. సభ అనుమతించిన మొత్తం కంటే ఎక్కువ ఖర్చు పెడితే, ఆ అదనాన్ని 205వ అధికరణం కింద మళ్లీ సభ ముందుకు తెచ్చి క్రమబద్ధం చేయించుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఈ పనిని ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నాయని కాగ్ నివేదిక తర్వాత నివేదిక రాస్తోంది. తన అనుమతి లేకుండా ఖర్చయిన డబ్బు గురించి తానే అడగని సభ, ఆడిటర్ మెతకబడ్డాడని ఏ మొహంతో అంటుంది?

కాగ్ వైపు లోపాలు లేవని కాదు. కేంద్రానికి సంబంధించి 2015లో 55గా ఉన్న నివేదికల సంఖ్య 2020లో 14కు పడిపోయిందని సమాచార హక్కు కింద బయటపడింది. కాగ్‌ను ఎంచుకునే పద్ధతిలో ప్రతిపక్షానికి పాత్ర లేదు. ఎంపిక కమిటీ అంటూ ఏదీ లేదు, ప్రభుత్వం సూచించిన పేరును రాష్ట్రపతి నియమిస్తారు. కొన్ని దశాబ్దాలుగా ఆ పదవికి వస్తున్నవాళ్లు ఐఏఎస్‌లే, అంటే నిన్నటిదాకా ఖర్చుపెట్టిన ప్రభుత్వంలో భాగమైనవాళ్లు. 2024 నవంబరులో బాధ్యతలు తీసుకున్న కె.సంజయ్ మూర్తి కుటుంబం అమలాపురానిది కావడం మనకు సంతోషమే. ఆయన కూడా అదే దారిలో వచ్చారు. ఈ నియామక పద్ధతిని సవాలు చేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2025 మార్చిలో కేంద్రానికి నోటీసులు ఇచ్చింది. ఎంపిక కమిటీ వస్తే మేలే. కానీ ఎంత నిక్కచ్చి మనిషి వచ్చినా, ఆయన రాసినది చదివేవాళ్లు లేకపోతే నివేదిక గ్రంథాలయంలో చేరుతుంది.

చదివేవాళ్లుంటే ఏమవుతుందో మన నేలే ఒకసారి చూపించింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ కూడా మొదలైంది. ఊరి యువకులే మస్టర్లు చేతపట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఈ పనికి వెళ్లావా, ఇంత కూలి అందిందా అని అడిగారు. చెరువు పూడిక కొలిచారు. తేలిన తేడాలను ముందు గ్రామసభలో, తర్వాత మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివారు. జవాబు చెప్పాల్సిన ఫీల్డ్ అసిస్టెంటూ టెక్నికల్ అసిస్టెంటూ అక్కడే ఉన్నారు, కూలి రాని మనిషీ అక్కడే ఉంది. కాగ్ దగ్గర తర్ఫీదు పొందిన ఆడిటరు చేసే పనికీ దీనికీ పద్ధతిలో పెద్ద తేడా లేదు, రిజిస్టరును మనిషితో పోల్చడమే. తేడా అంతా జవాబు వినేవాళ్ల దగ్గర ఉంది. ఈ అనుభవం వెలుగులోనే 2011లో కాగ్‌తో సంప్రదించి కేంద్రం దేశానికంతటికీ సామాజిక తనిఖీ నియమాలు చేసింది. తేలిన సొమ్ములో వసూలైనది తక్కువేనన్న విమర్శ ఉంది, అది నిజమే కూడా. అయినా మస్టర్లో దొంగ పేర్లు రాసేవాడికి ఊరి ముందు నిలబడాల్సి వస్తుందన్న వెరపు పుట్టింది.

శాసనసభ కమిటీల విచారణలు మాత్రం నేటికీ మూసిన తలుపుల వెనుకే జరుగుతాయి. కార్యదర్శి ఏం చెప్పాడో, సభ్యుడు ఏం అడిగాడో, అసలు అడిగాడో లేదో మనకు తెలియదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు ఇందుకోసం ఢిల్లీ వైపు చూడనవసరం లేదు, రాజ్యాంగ సవరణా అక్కర్లేదు. తమ కార్యక్రమ నియమాలు తామే చేసుకునే అధికారం 208వ అధికరణం వాటికి ఇచ్చింది. సభ ముందు పెట్టిన ప్రతి కాగ్ నివేదిక మీదా తర్వాతి సమావేశాల్లో ఒక రోజు చర్చ ఉండాలని, ప్రజా పద్దుల కమిటీ అధ్యక్షుడు ప్రతిపక్షం బల్లల మీద కూర్చునే సభ్యుడే కావాలని, ప్రభుత్వ జవాబు రాని పేరాల జాబితాను శాఖ పేరుతో సహా ఏటా ప్రకటించాలని, కమిటీ సాక్ష్యం తీసుకునేటప్పుడు ప్రత్యక్ష ప్రసారం చేయాలని ఆ నియమాల్లో రాసుకోవచ్చు. అప్పుడు ఎత్తిపోతల కరెంటు బిల్లు గురించి నీటిపారుదల శాఖ కార్యదర్శి చెప్పే జవాబును ఆ ఆయకట్టు రైతు తన ఇంట్లో కూర్చుని వినగలుగుతాడు.